సముద్రాన్ని ఒంపేయకండి!

అనంతపురం జిల్లాలో ఓ ఇంటిని ఊహించుకోండి. ఆ ఇంట్లో డెబ్బై దాటిన అవ్వ. పుట్టి బుద్ధెరిగాక చెరువులు చూసిందే తప్ప సముద్రం చూసి ఎరగదు. మనవడికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం అందగానే అవ్వనీ తాతనీ రైలెక్కించి తీసుకెళ్లాడు. తెల్లారేసరికి ముగ్గురూ రామకృష్ణా బీచ్‌లో ఉన్నారు. అల వచ్చి పాదాలను తాకగానే అవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. రెండడుగుల దూరంలో తాత. చేతిలో ఓ చెప్పుల జత. ఆయన సముద్రాన్ని చూడటం లేదు. అవ్వనే చూస్తున్నాడు.

'అవ్వా, ఇటు చూడు!' అన్నాడు మనవడు. క్లిక్‌!

ఏడాది తిరక్కుండానే తాత పోయాడు. ఆల్బమ్‌లు, ఫోన్లు అన్నీ వెతికితే ఇద్దరూ కలిసి నవ్వుతున్న ఫొటో ఆ ఒక్కటే దొరికింది. ప్రింటు వేయించి తెచ్చాడు మనవడు. అవ్వ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది.

'బాగుంది గానీ... సముద్రాన్ని ఇట్ల ఒంపేసినావేమిరా?'

నిజమే. ఆకాశమూ నీళ్లూ కలిసే గీత కుడివైపు పైకి లేచి, ఎడమవైపు కిందికి దిగిపోయింది. బంగాళాఖాతమంతా తాత మీదికి ఒలికిపోతున్నట్టుంది. 'ఓస్‌, ఇంతేనా! ఒక్క నిమిషంలో సరిచేస్తా' అంటూ ఫోన్‌ తీశాడు మనవడు. ఆ నిమిషంలో ఏం జరిగిందో చివర్లో చూద్దాం. అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. కెమెరా పట్టిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు సముద్రాన్ని ఒంపేసినవాళ్లే. ఎందుకలా?

ఫొటోకి చెవుల్లేవు!

మంచం మీద ఒక పక్కకి ఒరిగి పడుకుని టీవీ చూస్తారు కదా. టీవీ పక్కకి పడిపోతున్నట్టు అనిపిస్తుందా? అనిపించదు. కారణం చెవిలో ఉంది. లోపలి చెవిలో చిన్న చిన్న సంచుల్లాంటి భాగాలుంటాయి. వాటిలో జిగురులాంటి పొర, ఆ పొర మీద సన్నటి రేణువులు ఉంటాయి. ఆ రేణువులు కాల్షియం కార్బొనేట్‌తో తయారైనవి. సున్నపురాయిలో ఉండేది కూడా ఆ పదార్థమే. తల కాస్త వంగితే చాలు, భూమ్యాకర్షణకు ఆ రేణువులు జరుగుతాయి. కింద ఉన్న సన్నటి రోమాలు వంగి 'తల ఒరిగింది' అని మెదడుకు కబురు పంపుతాయి. ఆ లెక్క తీసేసి, మెదడు లోకాన్ని నిటారుగానే చూపిస్తుంది.

కాబట్టి బీచ్‌లో నిలబడ్డప్పుడు మీ తల వంగినా, కాళ్లకింద ఇసుక ఏటవాలుగా ఉన్నా సముద్రం మట్టంగానే కనిపిస్తుంది. కానీ ఫొటోకి చెవుల్లేవు. అది గోడకెక్కాక చూసేవాళ్లకు ఆసరాగా ఉండేవి నాలుగు అంచులే. కన్ను సముద్రపు గీతను ఆ అంచులతో పోల్చుకుంటుంది. తేడా ఉంటే వెంటనే పట్టేస్తుంది.

అడ్డంగా ఉండే గీతలూ నిలువుగా ఉండే గీతలూ కాస్త పక్కకి జరిగితే కన్ను ఇట్టే గుర్తిస్తుంది. ఏటవాలు గీతల్లో అంతే తేడా వచ్చినా పట్టించుకోదు. కొండవాలు రెండు డిగ్రీలు అటూఇటూ అయితే అడిగేవాళ్లుండరు. సముద్రపు గీత అలా అయితే అవ్వ కూడా అడుగుతుంది!

లెక్క కావాలా? మామూలుగా ఇంట్లో ఉండే 4-6 అంగుళాల ప్రింటు తీసుకోండి. సముద్రం ఒక్క డిగ్రీ ఒరిగిందంటే, ఈ చివరికీ ఆ చివరికీ మధ్య దాదాపు 2.7 మిల్లీమీటర్ల ఎత్తు తేడా వస్తుంది. మూడు డిగ్రీలైతే 8 మిల్లీమీటర్లు. నాలుగు డిగ్రీలైతే సెంటీమీటరు దాటిపోతుంది. చిటికెన వేలి గోరు వెడల్పంత వంకర. గోడకెక్కాక కనబడకుండా ఎలా ఉంటుంది?

దోషం బొటనవేలిదే

మరి తీసేటప్పుడే ఎందుకు కనిపించదు? ఎక్కువసార్లు నేరం బొటనవేలిది. ఫోన్‌ని అడ్డంగా పట్టుకుంటే ఫొటో తీసే బటన్‌ కుడివైపుకి వస్తుంది. దాన్ని నొక్కే క్షణంలో కుడిచెయ్యి ఫోన్‌ని కాస్త కిందికి తోస్తుంది. కెమెరా కుడివైపు దిగితే ఫొటోలో సముద్రం కుడివైపు లేచి, ఎడమవైపుకి ఒలుకుతుంది. అవ్వ ఫొటోలో జరిగింది అదే. నొక్కేదాకా అంతా సవ్యంగానే ఉంటుంది. నొక్కడమే వంకర తెచ్చిపెడుతుంది.

రెండో దోషం మన ధ్యాసది. అవ్వ నవ్విందా, పాప కళ్లు మూసిందా, అన్నయ్య బొట్టు చెరిగిందా... చూపంతా ముఖాల మీదే ఉంటుంది. వెనకున్న సముద్రాన్ని ఎవరు చూస్తారు? మూడోది, ఒంటిచేత్తో తీయడం. ఒక చేతిలో మొక్కజొన్న కంకి, ఇంకో చేతిలో ఫోన్‌. అలాంటప్పుడు మణికట్టు కాస్త తిరిగినా సముద్రం ఒరుగుతుంది. సెల్ఫీల సంగతి చెప్పనే అక్కర్లేదు. చెయ్యి చాచినంత మేరా చాచితే ఫోన్‌ దానంతటదే ఓ పక్కకి వాలిపోతుంది.

మందు తేలికే. ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకోండి. మోచేతులను డొక్కలకు ఆనించండి. బటన్‌ని పొడిచినట్టు కాకుండా మెల్లిగా తాకండి. ఇంకా మంచిది మూడు సెకన్ల టైమర్‌. నొక్కిన తర్వాత చెయ్యి కుదురుకోవడానికి ఆ మూడు సెకన్లు చాలు. అన్నిటికంటే ముఖ్యం, నొక్కబోయే ముందు ఒక్కసారి ముఖాల మీద నుంచి చూపు తిప్పి గీత రెండు చివర్లనూ చూడండి. ఎడమ చివర ఫ్రేము పై అంచుకి ఎంత దూరంలో ఉందో, కుడి చివర కూడా అంతే దూరంలో ఉందా? ఉంటే నొక్కేయండి.

తలకిందులుగా చూసిన కాలం

ఇప్పుడంటే ఫోన్లు గానీ, నూటపాతికేళ్ల కిందట ఫొటో తీయడమంటే ఓ పెద్ద తతంగం. హైదరాబాద్‌ ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ కొలువులో ఫొటోగ్రాఫరుగా పేరు తెచ్చుకున్న రాజా దీన్‌దయాళ్‌ (1844-1905) కాలం అది. మూడు కాళ్ల స్టాండు మీద పెద్ద పెట్టె లాంటి కెమెరా, తలమీద నల్లగుడ్డ. వెనకున్న గరుకు గాజుపలక మీద దృశ్యం కనిపించేది... అదీ తలకిందులుగా! దీన్‌దయాళ్‌ రూర్కీలో ఇంజినీరింగ్‌ చదివి, ఇందౌర్‌లో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, ఆ తర్వాత కెమెరా పట్టినవాడు. అంటే గీతలతో ముందే స్నేహం కుదిరినవాడన్నమాట.

తలకిందులుగా చూడటం ఇబ్బందే. కానీ అందులో ఒక లాభమూ ఉంది. బొమ్మ తిరగబడితే మనుషులు, ముఖాలు వెనక్కి వెళ్లి గీతలూ ఆకారాలూ ముందుకొస్తాయి. ఈ చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది. తీసిన ఫొటో మట్టంగా ఉందో లేదో అనుమానంగా ఉందా? ఫోన్‌ తెర తిరక్కుండా లాక్‌ చేసి, ఫొటోని తలకిందులుగా పట్టుకుని చూడండి. అప్పటిదాకా దాక్కున్న వంకర బయటపడుతుంది.

మేస్త్రీని అడగండి

ఇల్లు కట్టేచోట మేస్త్రీని గమనించారా? కంటితో చూసి 'సరిగ్గానే ఉందిలే' అని వదిలేయడు. అడ్డానికి రసమట్టం పెడతాడు. నిలువుకి దారానికి గుండు కట్టి వదులుతాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి మట్టం తీసుకెళ్లాలంటే నీళ్లు నింపిన సన్నటి గొట్టం పట్టుకుంటాడు. నీళ్లు అబద్ధం చెప్పవని అతనికి తెలుసు. ఫొటో తీసేవాళ్లకూ ఆధారాలు ఆ రెండే... అడ్డానికి నీళ్లు, నిలువుకి గుండు.

అయితే ఇక్కడో చిక్కుంది. సముద్రపు గీత ఎటు తిరిగి చూసినా మట్టంగానే ఉంటుంది. చెరువు గట్టు, ఏటి ఒడ్డు అలా కాదు. అవతలి ఒడ్డు మనకి సరిగ్గా ఎదురుగా ఉంటేనే ఫొటోలో అడ్డగీతగా పడుతుంది. ఏటవాలుగా దూరమవుతూ పోతుంటే, దగ్గరున్న వైపు ఫ్రేములో కిందికి, దూరంగా ఉన్న వైపు పైకి కనిపిస్తుంది. నీళ్లు మట్టంగానే ఉన్నా ఒడ్డు మాత్రం వాలినట్టుంటుంది. పాపికొండల దగ్గర గోదావరి మలుపుల్లో తీసిన ఫొటోల్ని చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఆ ఒడ్డుగీతను చూసి మట్టం సరిచేయబోతే పడవలో ఉన్నవాళ్లంతా పక్కకి ఒరిగిపోతారు!

వంతెనలదీ అదే కథ. రాజమహేంద్రవరం ఘాట్‌ నుంచి గోదావరి మీది రైలు వంతెనను ఓ పక్కగా చూస్తే, దూరమయ్యేకొద్దీ దాని గీత కిందికి దిగుతున్నట్టు కనిపిస్తుంది. కంటికంటే ఎత్తులో ఉన్న గీత దూరమయ్యేకొద్దీ కిందికి దిగుతుంది. కంటికంటే దిగువనున్న గీత దూరమయ్యేకొద్దీ పైకి లేస్తుంది. బీచ్‌ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని పక్కనుంచి తీసినా ఇంతే. ఇలాంటి గీతలు అందంగా ఉంటాయి గానీ, మట్టం చూడటానికి పనికిరావు.

మరి దేన్ని నమ్మాలి? ఫ్రేము మధ్యలో నిలువుగా ఉన్నదాన్ని. కరెంటు స్తంభం, గుడి ధ్వజస్తంభం, భవనం మూల, వేలాడే గంట... ఏదైనా సరే. హుస్సేన్‌సాగర్‌ ఒడ్డున నిలబడితే 1992లో ప్రతిష్ఠించిన బుద్ధ విగ్రహమే మీ గుండూ దారమూ. అంచుల్లో ఉన్నవాటిని మాత్రం నమ్మొద్దు. చార్మినార్‌ దగ్గర నిలబడి కెమెరాని పైకెత్తారనుకోండి, అటూ ఇటూ ఉన్న మినార్లు లోపలికి వాలినట్టు పడతాయి. అది కెమెరా పైకి చూడటం వల్ల వచ్చేది. ఒక మినారును చూసి సరిచేస్తే రెండోది మరింత పడిపోతుంది. రెండూ సమానంగా లోపలికి వాలితే మీ కెమెరా మట్టంగా ఉన్నట్టే.

నిశ్చలమైన నీళ్లుంటే ఇంకో అందమైన ఆధారం దొరుకుతుంది. ఒడ్డున ఉన్న తాటిచెట్టు తలకీ, నీళ్లలోని దాని నీడలో తలకీ మధ్య ఓ గీత ఊహించుకోండి. చెట్టు వంగి ఉన్నా సరే, ఆ గీత మాత్రం నిటారుగానే ఉంటుంది. చెట్టుని ఫ్రేము మధ్యలో ఉంచుకుని చూస్తే చాలు. కొల్లేరులో పడవెక్కినా, ఊరి చెరువుగట్టున నిలబడినా ఇది పనికొస్తుంది.

జేబులోనే రసమట్టం

ఒకప్పుడు శ్రద్ధ ఉన్న ఫొటోగ్రాఫర్లు చిన్న రసమట్టం కొనుక్కుని కెమెరా నెత్తిన తగిలించుకునేవారు. తర్వాత అది కెమెరాలోకే వచ్చేసింది. 2007లో వచ్చిన నికాన్‌ డీ3 లాంటి ఖరీదైన కెమెరాల్లో విమానం పైలట్‌ ముందుండే పరికరంలా ఒరుగుని చూపించే ఏర్పాటు ఉండేది. ఇప్పుడు అలాంటి సదుపాయం చాలా ఫోన్లలో ఉంది. ఐఫోన్లలో 2023లో వచ్చిన ఐఓఎస్‌ 17తో మట్టం గీతకు విడిగా ఓ మీట పెట్టారు.

మీ ఫోన్‌లో కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి 'గ్రిడ్‌', 'లెవెల్‌' అనే మాటల కోసం వెతకండి. గ్రిడ్‌ ఆన్‌ చేస్తే తెర మీద రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు వస్తాయి. సముద్రపు గీతను వాటిలో ఒకదానికి జతగా పెట్టుకుంటే సరిపోతుంది. లెవెల్‌ ఉంటే తెర మధ్యలో ఓ చిన్న గీత కనిపిస్తుంది. ఫోన్‌ ఒరిగితే అది విరిగినట్టుంటుంది. సరిగ్గా మట్టానికి వచ్చాక ఒక్కటవుతుంది. చాలా ఫోన్లలో రంగు కూడా మారుతుంది. దీని వెనకున్నది భూమ్యాకర్షణ ఎటు లాగుతోందో కనిపెట్టే చిన్న పరికరం. మన చెవిలోని రేణువుల పనే ఇది చేస్తుంది. ఫొటోకి లేని చెవి ఇలా ఫోన్‌కి వచ్చిందన్నమాట!

కానీ ఈ చెవికీ ఓ లోపముంది. అది భూమ్యాకర్షణనూ, కుదుపునూ వేరుచేయలేదు. పడవ మలుపు తిరుగుతున్నప్పుడు, బస్సు బ్రేకు వేసినప్పుడు, కారు వంపులో వెళ్తున్నప్పుడు అది తప్పు చూపొచ్చు. కదిలే వాహనంలో ఉన్నప్పుడు తెర మీది గీతను పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న నీటి గీతను నమ్ముకోండి.

పిల్లలకు ఈ సంగతి నేర్పాలంటే సెలవురోజు ఓ ఆట ఆడించండి. గాజుగ్లాసులో సగం నీళ్లు పోసి బల్లమీద పెట్టండి. గ్లాసు కింద ఒక పక్క ఎత్తుగా సన్నటి పుస్తకం పెట్టండి. గ్లాసు ఒరుగుతుంది, లోపలి నీళ్లు మాత్రం మట్టంగానే ఉంటాయి. నీటి గీత వంకరపోకుండా ఫొటో తీయమనండి. గ్లాసుని చూసి తీసినవాళ్లు ఓడిపోతారు. నీళ్లను చూసి తీసినవాళ్లు గెలుస్తారు. ఈసారి బీచ్‌కి వెళ్లినప్పుడు కెమెరా వాళ్లకే ఇచ్చేయొచ్చు.

మెడ కోసేయకండి

గీత మట్టంగా ఉంటే సరిపోదు. అది ఎక్కడి నుంచి పోతోందన్నదీ ముఖ్యమే. సముద్రపు గీత సరిగ్గా మెడ మీదుగా వెళ్లిన ఫొటోలు చూసే ఉంటారు. మనిషి తల కత్తిరించి నీళ్ల మీద పెట్టినట్టుంటుంది. చాలామంది అప్పుడు కెమెరాని పైకో కిందికో వంచుతారు. లాభం ఉండదు. ఫ్రేములో గీతతో పాటు మనిషీ జరుగుతాడు. మెడా గీతా అలాగే అతుక్కుని ఉంటాయి.

దీని కిటుకు తెలిస్తే భలే సులువు. తీసేవాళ్లూ దిగేవాళ్లూ ఒకే ఎత్తు నేల మీద ఉన్నప్పుడు, కెమెరా ఎంత ఎత్తులో ఉంటే సముద్రపు గీత ఎదుటి మనిషి ఒంటి మీద అంత ఎత్తులోనే పోతుంది. కెమెరా మెడ ఎత్తులో ఉంటే మెడ మీదుగా, నడుం ఎత్తులో ఉంటే నడుం మీదుగా. మనిషి దగ్గరున్నా దూరంగా ఉన్నా ఇదే లెక్క. కాబట్టి చేతులు కాదు, మోకాళ్లు వంచండి. ఫోన్‌ని నడుం దాకా దించితే తలంతా ఆకాశంలోకి వస్తుంది. పసిపిల్లల్ని తీసేటప్పుడు ఇసుకలో చతికిలబడితే సముద్రం వాళ్ల నడుం దగ్గరికి దిగి, పిల్లలు ఆకాశమంత ఎత్తు కనిపిస్తారు.

ఇక ఆకాశం, సముద్రం చెరిసగం ఉండాలా? మబ్బులు అందంగా ఉంటే ఆకాశానికి మూడింట రెండొంతులు ఇవ్వండి. అలలూ ఇసుకా బాగుంటే కిందికి ఇవ్వండి. గ్రిడ్‌లోని పై గీత, కింది గీత అందుకే. అయితే బాగా వెడల్పుగా చూపించే లెన్సుతో తీసేటప్పుడు గీతను మరీ పై అంచుకో కింది అంచుకో తోసేయకండి. అలాంటి లెన్సుల్లో అంచుల దగ్గర గీత విల్లులా వంగొచ్చు. మధ్యలో నుంచి పోయేటప్పుడు తిన్నగానే ఉంటుంది.

కావాలనే ఒరిగిస్తే?

ఒరుగు ఎప్పుడూ తప్పేనా? కాదు. కథకు అవసరమైతే అదే బలం. 1949లో వచ్చిన 'ది థర్డ్‌ మ్యాన్‌' సినిమాలో దర్శకుడు కరోల్‌ రీడ్‌ యుద్ధం తర్వాతి వియన్నా నగరాన్ని చాలా దృశ్యాల్లో కెమెరా ఒరిగించి చూపించారు. ఎవరినీ నమ్మలేని ఊరు, ఏదీ స్థిరంగా లేని కాలం... ఆ ఇబ్బంది ప్రేక్షకుడి కళ్లకే తగలాలని ఆయన ఉద్దేశం. ఆ సినిమా చూసిన మరో పెద్ద దర్శకుడు విలియం వైలర్‌ ఆయనకో రసమట్టం కానుకగా పంపారట. ఈసారి సినిమా తీసేటప్పుడు దీన్ని కెమెరా మీద పెట్టుకోమని చెణుకు కూడా విసిరారట!

ఒరిగిస్తే గట్టిగా ఒరిగించాలి. ఇరవై డిగ్రీలు వంచితే 'కావాలనే చేశారు' అని చూసేవాళ్లకు అర్థమవుతుంది. మూడు డిగ్రీలు వంచితే 'చెయ్యి జారింది' అనుకుంటారు. పరిగెత్తే పిల్లాడికీ, తిరిగే రంగులరాట్నానికీ వంకర అందమే. ప్రశాంతంగా ఉన్న సముద్రానికి మాత్రం కాదు.

దిద్దితే పోయేదేంటి?

'తర్వాత సరిచేసుకోవచ్చు కదా' అంటారు. చేసుకోవచ్చు. ఫోన్‌లో 'ఎడిట్‌' నొక్కి, చక్రంలాంటి కొలబద్దను వేలితో తిప్పితే ఫొటో తిరుగుతుంది. కానీ ఊరికే తిరగదు. ఫొటోని తిప్పగానే నాలుగు మూలల్లో ఖాళీలొస్తాయి. అవి కనబడకుండా ఫోన్‌ అంచులను కత్తిరించేస్తుంది. మామూలు 4:3 ఆకారపు ఫోన్‌ ఫొటోలో, ఆ ఆకారం మారకుండా ఒక్క డిగ్రీ సరిచేస్తే దాదాపు 4.5 శాతం బొమ్మ పోతుంది. రెండు డిగ్రీలకి దాదాపు 9 శాతం. నాలుగు డిగ్రీలకి 16 శాతం. ఐదు డిగ్రీలైతే అయిదో వంతు పోయినట్టే. పోయేది ఎక్కడ? అంచుల్లో. కుటుంబం ఫొటోల్లో అంచున నిలబడేదెవరు? మొహమాటపడే మేనత్త, చివర్లో పరిగెత్తుకొచ్చిన బాబాయి, 'నాకెందుకులే' అనే తాత!

తప్పనిసరై సరిచేయాల్సి వస్తే ఒక కిటుకుంది. కత్తిరింపులో 4:3 లాంటి కొలతను వదిలేసి 'ఫ్రీ' అనేది ఎంచుకోండి. పైనున్న ఆకాశాన్నీ కిందున్న ఇసుకనూ ఎక్కువ కోసి, వెడల్పుని వీలైనంత కాపాడుకోవచ్చు. నాలుగు డిగ్రీల వంకరను ఆకారం మార్చకుండా దిద్దితే వెడల్పులో 8 శాతం పోతుంది. ఎత్తు పదో వంతు తగ్గినా ఫర్వాలేదనుకుంటే వెడల్పులో పోయేది 5 శాతం లోపే. ఫొటో కాస్త పొడుగ్గా వస్తుంది, మనుషులు మిగులుతారు. ఖాళీ మూలల్ని కృత్రిమ మేధతో నింపే యాప్‌లు కూడా ఇప్పుడున్నాయి. ఆకాశపు ముక్క అయితే నింపనివ్వండి, నష్టం లేదు. కానీ మనిషి భుజాన్నో చేతినో అది తనకు తోచినట్టు గీసిపెడితే, ఆ చెయ్యి మీ వాళ్లది కాదు. ఏం చేసినా అసలు ఫొటోను చెరిపేయకుండా ఓ ప్రతిని దాచుకోండి.

ఇప్పుడు మళ్లీ అనంతపురం వెళదాం. మనవడు ఫోన్‌ తీశాడు కదా. నాలుగు డిగ్రీలు తిప్పగానే సముద్రం మట్టానికొచ్చింది. తాత భుజం మాయమైంది. వెనక్కి తెచ్చి, కొలత వదిలేసి మళ్లీ కత్తిరించాడు. ఈసారి ఆకాశం పోయింది, తాత నిండుగా మిగిలాడు. సంబరంగా ప్రింటు వేయించి తెచ్చి పాత ఫొటో పక్కన పెట్టాడు.

అవ్వ రెండింటినీ మార్చి మార్చి చూసింది. కొత్తదాంట్లో సముద్రం చెరువులా కుదురుగా ఉంది. తాత చెయ్యి మాత్రం మణికట్టు దగ్గర ఆగిపోయింది.

'చెప్పులేవిరా?' అంది.

'అంచుల్లో పోయినాయి అవ్వా. చెప్పులే కదా!'

'నావిరా అవి. అలలో కొట్టుకుపోతాయని మీ తాత పట్టుకున్నాడు.'

ఒరిగిన సముద్రమే గోడకెక్కింది. ఆ తర్వాత నుంచి మనవడు ఫొటో తీసే ముందు ఒక్క క్షణం ఆగుతున్నాడు. గీత ఈ చివర చూస్తాడు, ఆ చివర చూస్తాడు. అంచుల్లో ఎవరున్నారో చూస్తాడు. అప్పుడు నొక్కుతాడు.